నవ్వించిన రాక్షసుడు పార్ట్ 2లో భయపెట్టాలంటే ఏం మార్చాలి?

వెనకాల గోల వినిపిస్తే కొంచెం సర్దుకుపోండి. మనది అమీర్‌పేట రూమ్. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే హారన్లు.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక మెసేజ్. ఫైనల్ ఇయర్ చదువుతూ, సాయంత్రాలు ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యూనిటీ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు పంపాడు. "అన్నా, మా మొదటి గేమ్‌లో ఎనిమీలు కామెడీగా ఉంటాయి. ఆడినవాళ్లందరికీ అవే నచ్చాయి. ఇప్పుడు పార్ట్ 2 డార్క్‌గా చేస్తున్నాం. కొమ్ములు పెంచాం, కళ్లు ఎర్రగా చేశాం, రక్తం కూడా పెట్టాం. అయినా అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఏం తప్పు చేస్తున్నాం?"

తమ్ముడూ, ఆ తప్పు నాకు బాగా తెలుసు. ఎందుకంటే అదే నేనూ చేశా. దాని వల్ల ఒక ఫ్రెండ్‌ని కూడా బాధపెట్టా. అది కూడా చెప్తా, కానీ వరసగా వెళ్దాం.

కామెడీ ఎనిమీ అసలు ఏం పని చేస్తాడు?

ముందు ఇది అర్థం కావాలి. గేమ్‌లో చిన్న ఎనిమీ ఉత్తినే నవ్వించడు. అతని ప్రతి జోక్ వెనకాల మనకి ఒక మాట ఇస్తాడు: "నేను నిన్ను పెద్దగా ఏం చేయలేనులే."

'జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' ఆడినవాళ్లకి బోకోబ్లిన్లు గుర్తుంటారు. 2017లో వచ్చిన గేమ్ అది. చెవులు పెద్దవి, ముక్కు పందిది. రాత్రి మంట చుట్టూ చేరి కూర్చుంటారు, గురక పెట్టి పడుకుంటారు. చేతిలో కర్ర ఎగిరిపోతే కొట్లాట ఆపేసి దాని వెనక పరిగెత్తుతారు. ఆయుధం దొరక్కపోతే రాయి ఎత్తుకుంటారు. వాళ్లకంటే పెద్దవాడు మోబ్లిన్. వాడికి విసరడానికి ఏం దొరక్కపోతే పక్కనున్న బోకోబ్లిన్‌నే ఎత్తి మన మీదకి విసురుతాడు!

నవ్వొస్తుంది. కానీ ఒక ఇంజినీర్‌గా చూడండి. ప్రతి జోకూ ఒక సమాచారం. కర్ర వెనక పరిగెత్తాడంటే నీకు కొట్టే ఛాన్స్ దొరికినట్టు. గురక వినిపిస్తే వెనక నుంచి వెళ్లొచ్చు అని అర్థం. అంటే కామెడీ ఆ ఎనిమీ మీద వేసిన రంగు కాదు, గేమ్ నడిచే రూల్స్‌లో భాగం. అందుకే రంగు మార్చినంత మాత్రాన కామెడీ పోదు.

తమ్ముడూ, మీ దగ్గర జరిగింది ఇదే. కళ్లు ఎర్రగా అయ్యాయి, రూల్ మాత్రం పాతదే. ఆడేవాడు రెండో నిమిషంలోనే కనిపెట్టేస్తాడు: "ఓహ్, వీడు మన పాత వాడే, మేకప్ వేసుకున్నాడంతే."

మా రూమ్‌లో పుట్టిన రాక్షసుడు

ఇప్పుడు నా కథ. బీటెక్ అయ్యాక అందరిలాగే నేనూ జావా కోర్సు కోసం అమీర్‌పేట వచ్చా. మాది గుంటూరు వైపు. రూమ్‌మేట్‌ది పాలమూరు. నాకు సాఫ్ట్‌వేర్ జాబ్ వచ్చింది. వాడికి పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్‌లో వచ్చింది. మెట్రోలో ఒక్క స్టేషనే, అయినా డబ్బులు మిగుల్తాయని నడిచే వెళ్లేవాడు.

2022లో ఇద్దరం కలిసి రాత్రిళ్లు ఒక చిన్న ఆండ్రాయిడ్ గేమ్ చేశాం. ఒక ఊరు, ఒక పిల్లాడు, ఊరి చెరువు మీదకొచ్చిన గుండు రాక్షసుల గుంపు. కోడ్ నాది, బొమ్మలు వాడివి. గొంతు కూడా వాడిదే, ఎందుకంటే వాయిస్ ఆర్టిస్ట్‌కి ఇచ్చే డబ్బుల్లేవు. ఫోన్‌లోనే, దుప్పటి కప్పుకుని రికార్డ్ చేశాం.

రాక్షసుల నాయకుడు కాపలా తిరుగుతూ తన గుంపుని లెక్కపెడతాడు: "ఒగటి, రెండు, ఐదు... అరె, మల్ల తప్పిన!" మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. వాడు లెక్క తప్పినప్పుడే పిల్లాడు సందులోంచి జారుకోవాలి. అదే గేమ్. ఎవరికి చూపించినా పగలబడి నవ్వేవాళ్లు. టిఫిన్ సెంటర్‌లో పరిచయమైన ఇంటర్ పిల్లలైతే మమ్మల్ని చూడగానే "ఒగటి, రెండు, ఐదు" అని అరిచేవాళ్లు.

సరే, పార్ట్ 2 చేద్దాం అనుకున్నాం. చెరువు ఎండిపోయింది, ఊరు ఖాళీ అయింది, పిల్లాడు పెద్దవాడయ్యాడు. డార్క్ కథ. మరి రాక్షసుడిని ఏం చేయాలి?

మేం చేసిన మూడు తప్పులు

మొదటి తప్పు మీరు చేసిందే. కొమ్ములు, కోరలు, గాట్లు. దాంతో పాటు సీన్ మొత్తం చీకటి చేసేశాం. లాప్‌టాప్‌లో అదిరిపోయింది. మధ్యాహ్నం మెట్రోలో, బ్రైట్‌నెస్ సగం పెట్టుకున్న ఫోన్‌లో చూస్తే ఏం కనపడలేదు. నల్లటి స్క్రీన్ మీద నా మొహమే కనిపించింది. మొబైల్ గేమ్ చేసేవాళ్లు రాసిపెట్టుకోండి: డార్క్ అంటే కథ చీకటిగా ఉండటం, స్క్రీన్ చీకటిగా ఉండటం కాదు.

రెండో తప్పు స్పీడ్. ఎనిమీ కొట్టే ముందు చెయ్యి వెనక్కి లాగడమో, అరవడమో చేస్తాడు కదా, దాన్ని టెలిగ్రాఫ్ అంటారు. అంటే ముందస్తు సూచన. పార్ట్ 1లో అది ముప్పావు సెకను ఉండేది. రాక్షసుడు గద ఎత్తి, తూలి, అప్పుడు కొట్టేవాడు. భయపెడదామని దాన్ని 0.3 సెకన్లకి తగ్గించా. కంటికి కనిపించినదానికి మన వేలు కదలాలంటేనే దాదాపు పావు సెకను పడుతుంది. దాని మీద టచ్‌స్క్రీన్ ఆలస్యం. అంటే ఆడేవాడికి మిగిలింది దాదాపు సున్నా. ఫలితం? ఎవరూ భయపడలేదు. చిరాకుపడ్డారు. "ఫోన్ హ్యాంగ్ అవుతోంది అన్నా" అన్నారు! భయం వేరు, అన్యాయం వేరు. తప్పించుకునే దారి ఉండి, దాన్ని పట్టుకోగలనా లేదా అనే టెన్షన్ ఉంటే అది భయం. దారే లేకపోతే అది బగ్.

మూడో తప్పు గొంతు. ఇది ఇప్పటికీ నన్ను కొంచెం గుచ్చుతుంది.

పార్ట్ 2 రాక్షసుడికి బరువైన గ్రాంథిక డైలాగులు రాశా. పౌరాణికాల్లో లాగా "ఎవడురా అక్కడ" టైపు. వాడి చేత చదివించకుండా నేనే రికార్డ్ చేసి, పిచ్ తగ్గించి, ఎకో పెట్టా. ఆదివారం పొద్దున వాడికి వినిపించా. రెండు సార్లు విన్నాడు. ఇయర్‌ఫోన్స్ తీసి, నెమ్మదిగా అడిగాడు:

"ఏందిరా, నా భాష నవ్వుకే పనికొస్తదా? భయానికి పనికిరాదా?"

నేనేదో సర్దిచెప్పబోయా. వాడు కోప్పడలేదు. ఆఫీసులో ట్రైనింగప్పుడు కూడా ఇదే మాట అన్నారట, నీ యాస కస్టమర్లకి నడవదు, మార్చుకో అని. "ఆడ బతుకుదెరువు కోసం మార్చుకున్న. ఈడ రాక్షసుడు కూడ మార్చుకోవాల్నా?" అన్నాడు.

ఆ రోజు నేను గేమ్ డిజైన్‌లో ఒక ముఖ్యమైన ప్రశ్న నేర్చుకున్నా: జనాలు ఆ ఎనిమీని చూసి నవ్వుతున్నారు సరే, ఆ నవ్వు దేని మీద నిలబడి ఉంది? లెక్క తప్పడం మీదా, లేక అలా మాట్లాడే మనిషి మీదా?

మన సినిమాల్లో ఇదే కథ

మన దగ్గర నవ్వించే రాక్షసులు కొత్తేం కాదు. 1957 'మాయాబజార్' గుర్తు తెచ్చుకోండి. ఘటోత్కచుడి ఆశ్రమంలో రమణారెడ్డి గారి చిన్నమయ్య, లంబు, జంబు. వాళ్లు రాక్షసులే, మాయలూ తెలుసు, కానీ మనకి చుట్టాల్లా అనిపిస్తారు. ఎందుకంటే ఆ కథలో వాళ్లు మన వైపు.

అక్కడి నుంచి 2015కి రండి. 'బాహుబలి: ద బిగినింగ్'లో కాలకేయులు. ఆ పేరు మహాభారతంలో అసురులది. వాళ్ల కోసం మదన్ కార్కీ కిలికి అనే భాషనే తయారు చేశారు. ఆ భాష ఎందుకు పనిచేసింది? వాడు ఏమంటున్నాడో మనకి అర్థం కాదు, కానీ వాడికి మాత్రం పూర్తిగా అర్థమవుతోంది అని తెలుస్తుంటుంది. సౌండ్‌తో భయం పుట్టించడం అంటే అదీ. అయితే ఆ డిజైన్ మీద ఒక విమర్శ కూడా వచ్చింది: నల్లటి ఒంటిరంగుని క్రూరత్వానికి గుర్తుగా వాడేశారని. ఆ విమర్శలో పాయింట్ ఉంది. భయానికి షార్ట్‌కట్ వెతికినప్పుడు, మన చేయి ముందుగా వెళ్లేది సమాజంలో ఎప్పటి నుంచో పడి ఉన్న చిన్నచూపు మీదకే.

యాస సంగతీ అంతే. చాలా ఏళ్లు తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస ఎక్కువగా కమెడియన్‌కో, రౌడీకో దక్కేది. హీరో మాత్రం వేరే తెలుగు మాట్లాడేవాడు. 2017లో 'ఫిదా'లో భానుమతి ఆ యాసలోనే ప్రేమించింది, గొడవపడింది. 2023లో 'బలగం'లో ఒక ఊరు ఊరంతా ఆ యాసలోనే ఏడ్చింది, మనల్నీ ఏడిపించింది. భాష అదే. దానికి ఇచ్చిన పని మారింది. నేను మా రాక్షసుడి విషయంలో పని మార్చాల్సింది పోయి, భాషనే తీసేశా.

పెద్ద స్టూడియోలు ఏం చేశాయి?

ఇక్కడ మూడు గేమ్‌లు చెప్తా. మూడూ మూడు రకాల సమాధానాలు.

ఒకటి, స్కల్ కిడ్. 1998 'జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'లో అడవిలో కనిపించే ఒక అల్లరి పిల్లాడు. గడ్డి టోపీ, పిల్లనగ్రోవి. పిల్లాడిగా వెళ్తే స్నేహం, పెద్దయ్యాక వెళ్తే మన మీద దాడి. చిన్న పాత్ర, చాలామంది పట్టించుకోరు కూడా. 2000లో వచ్చిన 'మజోరాస్ మాస్క్'లో అదే అల్లరి పిల్లాడికి ఒక శాపం పట్టిన ముసుగు దొరుకుతుంది. ఆకాశంలోంచి చంద్రుడిని ఊరి మీదకి లాగుతుంటాడు. గేమ్ లెక్కలో మూడు రోజులు టైమ్.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ టీమ్‌కి టైమ్ చాలా తక్కువ. చాలా పాత్రల మోడల్స్ పాత గేమ్‌వే తీసుకుని వాడారు. స్కల్ కిడ్ సైజు పెంచలేదు, కోరలు పెట్టలేదు. ఇంకా అదే చిన్న ఒళ్లు, అదే గడ్డి టోపీ, అదే ఆకతాయితనం. మారింది ఒక్కటే, ఆకతాయితనానికి వచ్చే ఫలితం. ఒకప్పుడు వాడి అల్లరి వల్ల ఎవరికీ ఏం కాదు. ఇప్పుడు అదే అల్లరికి ఊరు పోతుంది. పైగా చివరికి తెలుస్తుంది, వాడు స్నేహితులు వదిలేసి వెళ్లారనుకుని ఒంటరైపోయిన పిల్లాడని.

రెండు, లర్కర్లు. నాటీ డాగ్ స్టూడియో 2001లో ప్లేస్టేషన్ 2కి 'జాక్ అండ్ డాక్స్టర్' చేసింది. రంగురంగుల గేమ్. అందులో లర్కర్లు అనే జీవులు దారిలో అడ్డొస్తుంటాయి, మనం గుద్దుకుంటూ పోతుంటాం. ఎవరూ వాటి గురించి రెండోసారి ఆలోచించరు. 2003లో 'జాక్ 2' వచ్చింది. ఒక్కసారిగా టోన్ మారిపోయింది. మొదటి భాగంలో నోరు విప్పని హీరోని జైల్లో పెట్టి రెండేళ్లు ప్రయోగాలు చేస్తారు. కథంతా ఒక నియంత పాలించే నగరం. మరి లర్కర్లు ఏమయ్యాయి? ఆ నగరంలో బానిసలయ్యాయి. బ్రటర్ అనే లర్కర్ మన దగ్గరకొచ్చి, తన వాళ్లని సైనికుల బండ్లలోంచి విడిపించమని అడుగుతాడు. వాడి మాట తీరు ఇప్పటికీ కామెడీగానే ఉంటుంది. కానీ నవ్వు గొంతులో ఆగిపోతుంది. ఎందుకంటే మొదటి గేమ్‌లో వీళ్లని లెక్కలేకుండా కొట్టింది మనమే.

మూడు, మళ్లీ మన బోకోబ్లిన్లు. 2023లో 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' వచ్చింది. ఇక్కడ టీమ్ తెలివిగా పని పంచింది. బోకోబ్లిన్లకి కొత్తగా ఒక లావుపాటి బాస్ వచ్చాడు. అతని వెనక గుంపు కదులుతుంది, అతను ఆర్డర్ వేస్తే మీద పడుతుంది. అంటే విడివిడిగా ఇంకా తింగరోళ్లే, కలిస్తే మాత్రం ప్రమాదం. ఇక అరటిపళ్ల పిచ్చి ఉన్న యీగా గ్యాంగ్‌ని దాదాపు కామెడీగానే వదిలేశారు. మరి అసలు భయం? దానికి కొత్త ఎనిమీని తెచ్చారు: నేల మీద నల్లటి మడుగులోంచి లేచే చేతులు. అవి వస్తే ఆకాశం ఎర్రబడుతుంది, మ్యూజిక్ మారిపోతుంది, అవి మన వెంటపడి తరుముతాయి. వాటి నుంచి తప్పించుకుని వచ్చి, మంట దగ్గర గురక పెడుతున్న బోకోబ్లిన్‌ని చూస్తే, ఎనిమీయే అయినా "హమ్మయ్య" అనిపిస్తుంది. డార్క్ గేమ్‌లో కూడా ఊపిరి తీసుకునే చోటు కావాలి. అందరినీ భయంకరంగా మార్చేస్తే ఎవరూ భయంకరంగా అనిపించరు.

మేం చివరికి ఏం మార్చాం?

ఆ ఆదివారం గొడవ తర్వాత రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు రాత్రి వాడే పిలిచాడు. పంజాగుట్ట మాల్ ఫుడ్ కోర్టులో ఒక కాఫీ తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. అక్కడ వాడో ఐడియా చెప్పాడు.

"అదే గొంతు, అదే మాట. ఈసారి లెక్క తప్పడు."

అంతే. మా చర్చ అక్కడ అయిపోయింది.

కొమ్ములు తీసేశాం. గుండు తిరిగొచ్చింది, పాత బొజ్జ కూడా. టెలిగ్రాఫ్ మళ్లీ ముప్పావు సెకను. పార్ట్ 2లో నువ్వు ఎండిన చెరువు గట్టు మీద నడుస్తుంటావు. రాక్షసుడు కనిపించడు, గొంతే వినిపిస్తుంది. తాపీగా, ఏ ఎకో లేకుండా: "ఒగటి... రెండు... మూడు." ఆగిపోతుంది. ఒకసారి దెబ్బ తిన్నాక మళ్లీ వింటే, "ఒగటి... రెండు." అప్పుడు ఆడేవాడికి వెలుగుతుంది, స్క్రీన్ పైన మిగిలిన తన ప్రాణాలనే వాడు లెక్కపెడుతున్నాడని!

ఇంకొంచెం ముందుకెళ్తే ఒక గుహ. అందులో నేల మీద వరసగా రాళ్లు. పార్ట్ 1లో నువ్వు పడగొట్టిన ఒక్కో రాక్షసుడికి ఒక్కో రాయి. వాడు లెక్క నేర్చుకున్నది అక్కడ, తనవాళ్ల రాళ్లు లెక్కపెడుతూ.

ఆ బిల్డ్ టిఫిన్ సెంటర్ పిల్లలకి ఇచ్చాం. మొదటిసారి "ఒగటి" వినగానే నవ్వారు, పాత అలవాటు. "మూడు" దగ్గర నవ్వు ఆగింది. రాళ్ల దగ్గర ఒక పిల్లాడు ఫోన్ కిందకి దించి అడిగాడు: "అన్నా, పార్ట్ 1లో వీళ్లని చంపకుండా కూడా వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు. సందులోంచి జారుకుంటే చాలు. ఎవరూ వెళ్లలేదు, అంతే.

నిజం చెప్పాలంటే ఆ గేమ్ పూర్తి కాలేదు. వాడికి పెళ్లి కుదిరింది, ఊళ్లో బాధ్యతలు, నాకు ఆఫీసు రిలీజ్‌లు. మూడు లెవెల్స్ దగ్గర ఆగిపోయింది. బిల్డ్ ఇంకా నా లాప్‌టాప్‌లో ఉంది. వాడు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాడు. ఈ ఎపిసోడ్ చేసే ముందు ఫోన్ చేసి అడిగా, మన కథ చెప్పనా అని. "చెప్పు, గానీ నా పేరు చెప్పకు. లెక్క మాత్రం సక్కగ చెప్పు" అన్నాడు.

తమ్ముడికి నా సమాధానం

సో, నీ ప్రశ్నకి వద్దాం. బొమ్మ మార్చే ముందు ఒక కాగితం తీసుకో. మీ కామెడీ ఎనిమీని చూసి జనం నవ్వే క్షణాలన్నీ రాయి. ఒక్కో దాని పక్కన, ఆ నవ్వు ఆడేవాడికి ఏ భరోసా ఇస్తోందో రాయి. పార్ట్ 2లో వాటిలో ఒక్క భరోసాని మాత్రమే లాగెయ్. మిగతావి అలాగే ఉంచు, ఆకారం, నడక, గొంతు అన్నీ. పాతవాడే అని గుర్తుపట్టాలి, పాతవాడు కాడని అర్థమవ్వాలి. అన్నీ మార్చేస్తే వాడు కొత్త ఎనిమీ అయిపోతాడు, పార్ట్ 1 జ్ఞాపకం మీకు పనికిరాకుండా పోతుంది. సీక్వెల్‌కి ఉన్న అసలు ఆస్తి ఆ జ్ఞాపకమే.

టెస్ట్ చేసేటప్పుడు మీ క్లాస్‌మేట్స్‌కే ఇవ్వొద్దు. పార్ట్ 1 ఆడినవాళ్లకి ఒకసారి, అస్సలు ఆడనివాళ్లకి ఒకసారి ఇవ్వు. మామూలు ఫోన్‌లో, పగటి వెలుతురులో, ఇయర్‌ఫోన్స్ లేకుండా కూడా ఆడించు. వాళ్ల మాటలు కాదు, మొహాలు చూడు. నవ్వు ఎక్కడ ఆగిందో నోట్ చేసుకో.

చివరగా, ఆ కాగితం మీదే ఇంకో ప్రశ్న రాయి: ఈ జోక్ వాడు చేసిన పని మీదా, వాడి రంగు, లావు, యాస మీదా? రెండోదైతే పార్ట్ 2 దాకా ఆగొద్దు. ఇప్పుడే మార్చెయ్. నీ టీమ్‌లోనే ఎవరో ఒకరు అది విని నవ్వు నటిస్తూ ఉండొచ్చు. నా పక్క మంచం మీదే పడుకునేవాడు, నాకు తెలియడానికి ఒక గేమ్ పట్టింది.

ఈ రోజుకి ఇంతే. మీరు ఆడిన గేమ్‌ల్లో మొదట నవ్వించి తర్వాత భయపెట్టిన ఎనిమీ ఎవరైనా ఉంటే చెప్పండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. తమ్ముడూ, నీ బిల్డ్ రెడీ అయ్యాక నాకు పంపు. పగలే ఆడతా, ప్రామిస్. ఉంటా మరి, బై.